మైనపు కలము పట్టిన కార్తినీ

జావా ద్వీపమున స్త్రీవిద్యకు దారి చూపిన కార్తినీ 1879 ఏప్రిల్ 21వ తేదీన జెపారా ప్రాంతమందలి మాయోంగ్‌లో జన్మించెను. ప్రభువంశీయుడగు తండ్రి ఆమెను డచ్చి పాఠశాలకు పంపెను. కాని పండ్రెండవ యేట, వంశాచారము ననుసరించి చదువు మాన్పించి ఇంటనే ఉంచిరి.

ఆ గోడల నడుమ ఆమె రెండు పనులు విడువలేదు. ఒకటి డచ్చి భాషలో స్నేహితులకు లేఖలు వ్రాయుట. రెండవది బాతిక్ అద్దకము. సన్నని ముక్కు గల చిన్న రాగిగిన్నెను పుల్లకు అమర్చిన కలముతో, కరగిన మైనమును బట్టపై గీయుదురు. నీలిరంగున ముంచినపుడు మైనమున్నచోట రంగు అంటదు. మరల మైనము వ్రాసి గోధుమవన్నెలో ముంచి, తుదకు వేడినీటిలో మైనమును తొలగింతురు. మన కలంకారీ పనివారును పూర్వము నీలి వేయుటకు మైనమునే అడ్డుగా వాడిరి.

1898లో హేగ్ నగరమున జరిగిన మహిళాశ్రమ ప్రదర్శనమునకు కార్తినీ బాతిక్ విధానమును వివరించుచు వ్యాసము పంపెను. తరువాత డచ్చి పండితులు తమ గ్రంథమునకు దానిని ఆధారము చేసికొనిరి. గడప దాటలేని బాలిక వ్రాత సముద్రములు దాటినది!

హాలండులో చదువవలెనను కోరిక మాత్రము తీరలేదు. 1903లో సోదరీమణులతో కలిసి జెపారాలో బాలికల పాఠశాల తెరచెను. ఆ యేడే రెంబాంగ్ పాలకునితో వివాహమయ్యెను. 1904 సెప్టెంబరు 13న కుమారుని కని, నాలుగు దినములకే ఇరువదియైదవ యేట కన్నుమూసెను.

1911లో ఆమె లేఖలు అచ్చయ్యెను. ఆమె పేరిట బాలికల పాఠశాలలు వెలసెను. 1964లో ఇండోనేషియా ఆమెను జాతీయవీరవనితగా ప్రకటించెను. ఏప్రిల్ 21న అచటి విద్యార్థులు నేటికిని ఆమెను స్మరింతురు.

మైనము కరగిన పిమ్మటగాని బట్టపై చిత్రము తెలియదు. కార్తినీ జీవితమును అట్టిదే.