పాలకుర్తి అయిలమ్మ



మన నరసాపురం ప్రాంతమున పొలమునకు కాలువ నీరు వచ్చును. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియైన నాటినుండి మన పెద్దలు దాని మేలు అనుభవించిరి. నైజాం పాలనలోని తెలంగాణములో అట్లు కాదు. అక్కడ చెరువు నిండవలెను, వాన కురియవలెను. పంట పండిన తరువాత అది దొర గడపకు చేరకుండ తప్పించుకొనవలెను. అట్టి చోట ఒక చాకలి స్త్రీ తన గింజలను తన యింటికే తెచ్చుకొనెను. ఆమె పేరు చిట్యాల అయిలమ్మ.

ఆమె 1895లో వరంగల్లు ప్రాంతమున కృష్ణాపురము అను గ్రామములో జన్మించెనని చెప్పుదురు. చిన్ననాడే పాలకుర్తి కాపురస్థుడైన చిట్యాల నరసింహకు ఆమెను ఇచ్చి పెండ్లి చేసిరి. వారికి కుమారులు, ఒక కుమార్తె. ఆ దినములలో చాకలివారు దొర యింట బట్టలు ఉతుకుటయే గాక, పిలిచినప్పుడెల్ల కూలి లేకుండ చాకిరి చేయవలసియుండెను. దానిని వెట్టి అనిరి. అయిలమ్మ కుటుంబము మల్లంపల్లి మక్తేదారు వద్ద భూమి కౌలుకు తీసికొని సేద్యము మొదలిడెను. బట్టల మూట దింపి నాగలి పట్టుటయే ఊరి పెద్దలకు కంటగింపాయెను. పైగా ఆమె, ప్రజలు సంఘమని పిలిచిన ఆంధ్ర మహాసభలో చేరెను.

విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డికి సుమారు 40,000 ఎకరములు ఉండెనందురు. అంత గలవానికి ఈ కొద్దిపాటి పొలము ఎందుకు? అహాబు, నాబోతుల కథ ఎరిగిన మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అయితే ఒక భేదము గలదు. నాబోతుది పితరుల స్వాస్థ్యము; ఈమెది కౌలు నేల. దానిలో ఆమెకు చెందినది తన చెమటయే. న్యాయస్థానములో తీర్పు ఆమె పక్షముననే వచ్చెను.

పైరు పండెను. దానిని కోసికొనిపోవుటకు దేశముఖు తన మనుష్యులను వందమంది వరకు పంపెను. సంఘమువారు సంఖ్యలో కొద్దిమందియే. అయినను కర్రలు పట్టి ఎదురు నిలువగా ఆ గుంపు పారిపోయెను. సంఘమువారే కోత కోసి, ధాన్యమును మోసి అయిలమ్మ యింట చేర్చిరి. భీమిరెడ్డి నరసింహారెడ్డి వంటి నాయకులును ఆ మూటలు మోసినవారిలో నుండిరి. చాకలి యింటికి ఇతర కులస్థులు మూటలు మోయుట పాలకుర్తి ఎన్నడు చూచియుండునో నాకు తోచదు.

ఇందుకు ఆమె చెల్లించిన వెల మనము మరువరాదు. ఇల్లు తగులబెట్టిరి, ధాన్యము దోచుకొనిరి, కన్నకూతురు మానభంగమునకు గురియాయెను. ఇది వ్రాయుటకు చేయి ఆడదు గాని, దాచినచో కథ అబద్ధమగును. తల్లి మాత్రము ఊరు విడువలేదు, భూమి విడువలేదు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండ్లకు బలియయ్యెను. పోరాటము ఊరూర వ్యాపించెను. 1948 సెప్టెంబరులో నైజాం లొంగిపోయెను. 1951 అక్టోబరులో సాయుధ పోరాటము విరమింపబడెను. చరిత్ర వ్రాయువారు తుపాకులను గూర్చియే ఎక్కువగా వ్రాయుదురు. నాకైతే పాలకుర్తి పొలములోని కొడవలియే ముందు జ్ఞాపకము వచ్చును.

అయిలమ్మ 1985 సెప్టెంబరు 10న పాలకుర్తిలో కన్నుమూసెను. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి.