మూడవ సాలార్‌జంగు: ఆయుధములకు విశ్రాంతి నిచ్చిన దివాను

ధనమును కూర్చువారు లోకమున పెక్కురు కలరు. కూర్చినదానిని పదిమందికి చదువుగా మార్చినవారు అరుదు. అట్టి అరుదైనవారిలో హైదరాబాదునకు చెందిన మూడవ సాలార్‌జంగు ఒకరు. ఆయన పేరు వినినంతనే మేలిముసుగు రెబెకా పాలరాతి ప్రతిమయు, బొమ్మ వెలుపలికి వచ్చి గంటలు కొట్టు గడియారమును మనకు జ్ఞప్తికి వచ్చును. కాని ఆ ప్రదర్శనశాలయందే కత్తులు, కటారులు, డాళ్లు, ప్రాత తుపాకులు నిశ్శబ్దముగా నిలిచియున్నవి. ఆ ఆయుధముల చెంత నిలిచి, వానిని కూర్చినవాని జీవితమును తెలిసికొందము.

హైదరాబాదు మనకు దూరమే. అయినను పూర్వము మన గంజాం సీమ శ్రీకాకుళపు సర్కారులోని భాగమై నైజాము అధికారమునకు లోబడియుండెను. 1753లో నైజాము ఈ సర్కారులను ఫ్రెంచివారి కిచ్చెను. 1766 నాటి సంధితో ఇవి ఇంగ్లీషు కుంఫిణీ హస్తగతమయ్యెను. కావున ఆ దర్బారు కథ మనకు కేవలము పరాయి కథ కాదు.

మూడవ సాలార్‌జంగు అసలు పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్. 1889 జూన్ 13వ తేదీన పూనాలో జన్మించెను. ఆయన తాతయగు మొదటి సాలార్‌జంగు 1853 మొదలు 1883లో మరణించువరకు నైజాము దివానుగా నుండి పేరు గడించెను. తండ్రియు కొంతకాలము దివానుగిరి చేసెను. కాని ఈ శిశువు పుట్టిన నెల దినములలోపుననే తండ్రి గతించెను. తండ్రి ముఖ మెరుగని బాలునకు తాతముత్తాతల వస్తువులే వారి జ్ఞాపకము లయ్యెను.

1912లో ఏడవ నైజాము ఈయనను దివానుగా నియమించెను. అప్పటికి ఆయన వయస్సు 23 సంవత్సరములు. ఆ పదవి చిరకాలము నిలువలేదు. 1914లో దానిని వదలుకొనెను. తాత మూడు దశాబ్దములు నిర్వహించిన పదవి మనుమనికి మూడేండ్లయినను దక్కలేదు. ఇంకొకరైనచో కోల్పోయిన అధికారమును తలచుకొని కుమిలిపోయెడివారు. ఈయన తన శేషజీవితమును, తన విశేషధనమును ప్రాచీన వస్తువుల సేకరణకు వినియోగించెను. వివాహ మాడలేదు. ఐరోపా దేశములు తిరిగెను. వర్తకులు దేశదేశముల వస్తువులను ఆయన దివాను దేవిడీకి కొనివచ్చెడివారు. ఇట్లు దాదాపు 35 సంవత్సరములు సాగెను.

ఆయుధములలో కొన్ని ఆయనకు వంశపారంపర్యముగా వచ్చినవి. కొన్ని ఆయన వెలయిచ్చి కొన్నవి. వానిలో ఔరంగజేబునకు, టిప్పు సుల్తానునకు, గోల్కొండ కడపటి ప్రభువైన అబుల్ హసన్ తానీషాకు చెందినవిగా పేర్కొనబడునవి కలవు. భక్త రామదాసు కథలో మనకు పరిచితుడైన తానీషా ఈతడే. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచి ఈతనిని చెరపట్టెను. గెలిచినవాని ఆయుధమును, ఓడినవాని ఆయుధమును నేడు ఒకే కప్పు క్రింద ప్రక్కప్రక్కన విశ్రమించుచున్నవి. రణరంగమున ఎదురెదురుగా నిలిచినవి ఇచ్చట కలసి మనకు పాఠము చెప్పుచున్నవి.

ప్రాత తుపాకులను చూచిన మానవుని బుద్ధి నడచిన మార్గము తెలియును. మొదటిది వత్తి తుపాకి. మీట నొక్కగా నిప్పంటిన వత్తి క్రిందికి వంగి రంజకమును తాకును. ఆ మంట రంధ్రమున దూరి గొట్టములోని మందును ప్రేల్చును. వాన కురిసినచో వత్తి ఆరిపోవును. పిమ్మట చెకుముకి తుపాకి వచ్చెను. ఇందు చెకుముకిరాయి ఉక్కుపై కొట్టుకొని నిప్పురవ్వలు పుట్టును. దీనియందును ఒక లోపము కలదు. రంజకము భగ్గుమనుటకును, గుండు వెడలుటకును నడుమ క్షణకాలము జాగగును. ఆ మెఱుపు చూచి పక్షులు ఎగిరిపోవుట గమనించి, స్కాట్లండు దేశపు మతగురువు అలెగ్జాండరు ఫోర్సైతు దెబ్బ తగిలినంతనే ప్రేలు రసాయనమును తుపాకికి ఉపయోగించెను. 1807లో దానికి హక్కుపత్రము పొందెను. దానినుండియే తుపాకికి తొడుగు చిన్న లోహపు టోపీ పుట్టెను. గొట్టములోపల మెలితిరిగిన గాళ్లు తీసి, గుండు తిరుగుచు తిన్నగా పోవునట్లు చేసినదే రైఫిలు. 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు ఇట్టిదే. దాని తూటా కాగితమునకు ఆవుకొవ్వు, పందికొవ్వు పూసిరన్న వార్తయే 1857 నాటి సిపాయిల తిరుగుబాటునకు నిప్పురవ్వ యయ్యెను.

ఇట్టి వస్తువులను కూర్చుటకంటె కాపాడుట కష్టము. తుప్పు పోవలెనని ఇసుకతో తోమినచో తుప్పుతోబాటు బంగారపు నగిషీయు, చేసినవాని పేరును చెరగిపోవును. అందువలన నేర్పరులు ఉన్నదానిని నిలుపుటకే యత్నింతురు గాని క్రొత్తదానివలె మెఱపించుటకు పూనుకొనరు. ప్రాత తుపాకి గొట్టములో నూరేండ్లనాటి మందు ఇంకను ఉండవచ్చును. కావున మొదట దానినే పరీక్షింతురు. కొన్ని దేశములలో అభిమానులు ఇట్టి రైఫిళ్లను బాగుచేసి, గొట్టపు బలమును పరీక్షించి, నల్లని తుపాకిమందుతో గురి చూచి కాల్చుదురు. నేటి పొగలేని మందును వాడినచో ఆ గొట్టము పగిలి కాల్చువాని ప్రాణమే తీయవచ్చును. మన దేశమున అనుమతి లేక తుపాకి నుంచుకొనుటయే నేరము.

1949 మార్చి 2వ తేదీన మూడవ సాలార్‌జంగు పరమపదించెను. ఆయనకు సంతానము లేదు. ఒక మనుష్యుని జీవితకాలపు శ్రమ చెల్లాచెదరు కాగల ఘడియ యది. కాని అప్పటి హైదరాబాదు పాలనాధికారి వెల్లోడి ఆ సంపదను ప్రజలకు చూపవలెనని తలచెను. కళావిమర్శకుడు జేమ్సు కజిన్సు సాయముతో వస్తువులు తీర్చబడెను. 1951 డిసెంబరు 16వ తేదీన నెహ్రూ పండితుడు దివాను దేవిడీలో ప్రదర్శనశాలను ప్రారంభించెను. వారసుల సమ్మతితో 1958లో భారత ప్రభుత్వము దానిని స్వీకరించెను. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటించెను. 1968లో అది మూసీనది ఒడ్డున నూతన భవనమునకు తరలెను. దివానుగిరి చేసిన కొలది కాలమును నేడు తలచువారు లేరు. ఆయన కూర్చినవానిని చూడ నిత్యము జనులు వచ్చుచునే యున్నారు.

విద్యార్థులారా! విజయదశమినాడు మనము ఆయుధములను పూజింతుము. ఆ యొక్క దినమే గాక మిగిలిన దినములలోను పూర్వుల వస్తువులపై శ్రద్ధ వహింపుడు. మీ యింటి అటుకమీద ప్రాత కత్తియో, తెలుగు తాటాకు పుస్తకమో ఉండవచ్చును. దానిని పాతసామానువానికి వేయకముందు అది ఎవరిదో, ఎట్లు వచ్చినదో తాతగారి నడిగి ఒక కాగితముపై వ్రాసియుంచుడు. ప్రాత తుపాకి కనబడినచో ముట్టక పెద్దలకు తెలుపుడు. సాలార్‌జంగునకు కోట్ల సంపద యుండెను, మనకు లేదు. కాని ఉన్నదానిని పోగొట్టుకొనకుండుటకు సంపద యక్కఱలేదు, శ్రద్ధ చాలును.