పరిశోధనకు ఇల్లు కట్టినవాడు – చార్లెస్ కెట్టరింగు

మోటారుకారు నేడు మన వీథులలో వింత కాదు. నడుపువాడు తన పీఠముపై కూర్చుండి తాళపుచెవి త్రిప్పినంతనే, లేదా మీట నొక్కినంతనే, ఇంజను మేల్కొనును. నూరేండ్లకు పైబడిన కాలమున ఈ సౌకర్యము లేదు. కారు ముందు నిలిచి, ఒక వంకర ఇనుపకడ్డీని ఇంజనులో దూర్చి, బలమంతయు నుపయోగించి త్రిప్పవలెను. ఒక్కొక్కప్పుడు ఇంజను ఎదురు తిరిగి ఆ కడ్డీని వెనుకకు విసరివేయును. ఆ దెబ్బకు చేతులు విరిగినవారును, ప్రాణములు కోల్పోయినవారును కలరు. ఆ కడ్డీని మానవుని చేతినుండి తప్పించినవాడు చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగు. అతని చరిత్ర ఆ ఒక్క పనితో ముగియలేదు. కార్లను తయారుచేయు ఒక మహాసంస్థలో కేవలము పరిశోధనకే ఒక ఇల్లు కట్టి, ఇరువదియేడు సంవత్సరములు దానిని నడిపినవాడు అతడు. అతని విజయములే కాక, అతని పొరపాట్లును మనము తెలిసికొనదగినవి.

కెట్టరింగు 1876 ఆగస్టు 29వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, లూడన్‌విల్ అను ఊరికి సమీపమున ఒక రైతు కుటుంబమున జన్మించెను. అతనికి చూపు బలహీనము. కొంతసేపు పుస్తకము చదివినచో తలనొప్పి పుట్టుచుండెను. అయినను చదువుపై ఆశ విడువలేదు. పల్లెబడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసి, పిమ్మట ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున చేరెను. కన్నుల బాధ ఎక్కువ కాగా నడుమ చదువు మానుకొనవలసివచ్చెను. ఆ విరామమున అతడు ఊరక కూర్చుండలేదు. టెలిఫోను తీగలు వేయు పనివారితో చేరి, స్తంభములు నాటించుచు, విద్యుచ్ఛక్తి మర్మములను చేతిపనిగా నేర్చుకొనెను. ఆరోగ్యము కుదుటపడిన పిమ్మట మరల విశ్వవిద్యాలయమునకు పోయెను. తోడి విద్యార్థులు పాఠములు చదివి వినిపించగా విని గుర్తుంచుకొని, 1904లో, తన ఇరువదియెనిమిదవ ఏట, ఇంజనీరు పట్టము పొందెను.

వెంటనే అతనికి డేటన్ నగరములోని నేషనల్ క్యాష్ రిజిస్టరు కంపెనీలో ఉద్యోగము లభించెను. దుకాణములలో నగదు లెక్క చూపు యంత్రములను ఆ కంపెనీ తయారుచేయుచుండెను. వానిని చేతితో త్రిప్పవలసియుండెను. కెట్టరింగు ఆ యంత్రమునకు చిన్న విద్యుత్ మోటారును అమర్చి, మీట నొక్కినంత మాత్రమున పని జరుగునట్లు చేసెను. ఈ ప్రయత్నములో అతనికి ఒక సూక్ష్మము తోచెను. మోటారు దినమంతయు బరువు మోయవలెనన్నచో అది పెద్దదిగా ఉండవలెను. కొన్ని క్షణములు మాత్రమే బలము చూపి ఆగిపోవలెనన్నచో, చిన్న మోటారే తన శక్తికి మించిన పని చేయగలదు. ఈ చిన్న సత్యమే అతని జీవితమును మలుపు త్రిప్పెను.

అదే కంపెనీలో ఎడ్వర్డ్ డీడ్స్ అను ఉద్యోగి అతనికి స్నేహితుడు. డీడ్స్ ఇంటి పెరటిలో ఒక కొట్టము కలదు. స్నేహితులు కొందరు ఉద్యోగము ముగిసిన పిమ్మట రాత్రులందు అక్కడ చేరి, కార్లకు కావలసిన విద్యుత్ పరికరములను తయారుచేయసాగిరి. 1909లో వారు డేటన్ ఇంజనీరింగ్ లాబొరేటరీస్ కంపెనీని స్థాపించిరి. ఆ పేరులోని మొదటి అక్షరములను కూర్చి దానిని డెల్కో అనిరి. క్యాడిలాక్ కార్ల సంస్థ అధిపతియగు హెన్రీ లీలండ్, ఇనుపకడ్డీ అవసరములేని కారును కోరెను. ఇంజనును త్రిప్పుటకు చాలినంత మోటారును కారులో ఇముడ్చుట అసాధ్యమని పలువురు భావించిరి. కెట్టరింగునకు నగదు యంత్రపు పాఠము గుర్తుకు వచ్చెను. ఇంజను మేల్కొనువరకు త్రిప్పిన చాలును కదా! అతడు చిన్న మోటారునే అమర్చెను. అంతే కాదు, ఇంజను నడువనారంభించిన పిమ్మట ఆ మోటారే విద్యుత్తును పుట్టించి బ్యాటరీని నింపును. ఆ బ్యాటరీయే దీపములను వెలిగించును. 1912వ సంవత్సరపు క్యాడిలాక్ కార్లు ఈ ఏర్పాటుతో వెలువడెను. దేహబలము లేనివారును, స్త్రీలును, వృద్ధులును ఇతరుల సహాయము లేకుండ కారు నడుపగలిగిరి.

డెల్కో కంపెనీ 1916లో చేతులు మారి, కొలది కాలమునకు జనరల్ మోటార్స్ అను మహాసంస్థలో కలిసిపోయెను. ఆ సంస్థ 1920లో పరిశోధన కొరకు ప్రత్యేకముగా ఒక శాఖను డేటన్‌లో నెలకొల్పి, దానికి కెట్టరింగును అధిపతిగా చేసెను. కర్మాగారమునకు నేటి కారే ముఖ్యము. అది ఎన్ని తయారైనది, ఎంతకు అమ్ముడైనది అనునదే దాని చింత. రేపటి కారును గురించి ఆలోచించువారికి వేరొక చోటు, వేరొక ఓర్పు కావలెనని కెట్టరింగు నమ్మెను. 1925లో ఆ పరిశోధనాలయము డెట్రాయిట్ నగరమునకు మారెను.

అయితే ఆ పరిశోధనాలయపు తొలి పెద్ద ప్రయత్నము ఘోరముగా విఫలమయ్యెను. ఇంజను వేడిని తగ్గించుటకు నీరు వాడుట ఆనాటి పద్ధతి. శీతకాలమున ఆ నీరు గడ్డకట్టి చిక్కులు కలిగించును. నీటికి బదులు గాలితోనే ఇంజనును చల్లబరుపవచ్చునని కెట్టరింగు తలచెను. రాగి వేడిని త్వరగా వెలికి పంపును. కావున ఇంజను చుట్టును రాగిరేకులను అతికి, వానిపై గాలి వీచునట్లు చేసెను. పరిశోధనాలయములో అది బాగుగనే నడిచెను. సంస్థ తొందరపడి 1923లో ఆ ఇంజనుతో షెవ్రొలే కార్లను తయారుచేసెను. కర్మాగారపు ఇంజనీర్లకు ఆ కొత్త ఇంజనుపై నమ్మకము లేదు. పరిశోధకులకు కర్మాగారపు కష్టములు తెలియవు. తయారైన 759 కార్లలో కొనుగోలుదారుల చేతికి చేరినవి నూరు మాత్రమే. వేడెక్కినప్పుడు వాని బలము తగ్గసాగెను. సంస్థ వానినన్నిటిని వెనుకకు రప్పించుకొనెను. కెట్టరింగు మనసు కుంగి, పదవిని విడిచిపోవుటకు సిద్ధపడెను. అధ్యక్షుడగు ఆల్‌ఫ్రెడ్ స్లోన్ అతనిని పోనీయలేదు. ఆ యేడే పరిశోధకులును, కర్మాగారముల ఇంజనీర్లును ఒకచోట కూర్చుండి చర్చించుకొనుటకు ఒక సంఘమేర్పడెను. ఎంత మంచి ఆలోచనయైనను, దానిని ఆచరించువారితో కలిసి పెంపొందింపవలెనను పాఠము ఆ ఓటమి నేర్పెను.

పిమ్మట విజయములు వరుసగా వచ్చెను. అంతకుముందు కారుకు రంగువేసి ఆరనిచ్చుటకు వారములు పట్టుచుండెను. కెట్టరింగు పరిశోధకులును, డ్యూపాంట్ రసాయన సంస్థవారును కలిసి, గంటలలో ఆరు కొత్త రంగును సిద్ధముచేసిరి. మరియు బరువైన డీసెల్ ఇంజనును తేలికపరచి రైలును లాగునట్లు చేయు ప్రయత్నములో అతని కుమారుడు యూజీన్ గూడ పాలుపంచుకొనెను. 1934 మే 26వ తేదీన అట్టి ఇంజనుతో జెఫిర్ అను రైలు డెన్వర్ నుండి షికాగో వరకు వేయిమైళ్ళకు పైబడిన దూరమును ఎక్కడను ఆగక, పదమూడు గంటలకు కొంచె మధికమైన కాలములో దాటెను. ఆవిరియంత్రముల యుగము ముగియనున్నదని లోకము గ్రహించెను.

ఇక నీ జీవితమునందలి చీకటికోణమును చెప్పవలసియున్నది. ఆనాటి ఇంజనులలో పెట్రోలు సరిగా మండక, టకటకమని కొట్టుకొను చప్పుడు వచ్చుచుండెను. దానివలన బలము నశించును, ఇంజను చెడును. ఇది కెట్టరింగు అమర్చిన విద్యుత్ పరికరముల దోషమే యని కొందరు నిందించిరి. అసలు కారణము కనుగొనుటకు అతడు థామస్ మిడ్జ్‌లీ అను యువకుని నియోగించెను. పెట్రోలునకు ఎరుపురంగు కలిపినచో వేడిని బాగుగా గ్రహించునేమో యని వారు ఊహించిరి. అయొడిన్ కలిపి చూడగా చప్పుడు తగ్గెను. తక్కిన ఎరుపురంగులను కలుపగా ఏ మార్పును లేదు! ఊహ తప్పైనను దారి దొరికెను. గుణము రంగులో కాక పదార్థములోనే కలదని తెలిసెను. ఎన్నియో పదార్థములను పరీక్షించి, 1921 డిసెంబరు 9వ తేదీన సీసముతో కూడిన టెట్రాయీథైల్ లెడ్ అను ద్రవమును కలుపగా చప్పుడు పూర్తిగా ఆగిపోయెను. చెంచాడు కూడ నిండని ద్రవము ఒక గ్యాలను పెట్రోలునకు చాలును. దానిని అమ్ముటకు ఈథైల్ అను సంస్థ ఏర్పడగా, కెట్టరింగే దానికి మొదటి అధ్యక్షుడయ్యెను.

సీసము విషమని వైద్యులకు ప్రాచీనకాలము నుండియు తెలియును. 1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రమున ఆ ద్రవమును తయారుచేయు ఒక కర్మాగారములో ఐదుగురు పనివారు మతిచలించి మరణించిరి. పెక్కురు ఆసుపత్రి పాలైరి. మరుసటి యేడు వాషింగ్టన్‌లో జరిగిన సభలో ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు మొదలగువారు, వీథులలో సీసపు పొగ నింపుట తగదని హెచ్చరించిరి. కెట్టరింగు తన సంస్థ పక్షమున నిలిచెను. ఆల్కహాలు కలిపినను ఆ చప్పుడు తగ్గునని అతని పరిశోధనాలయమునకే తెలియును. అయినను సీసమునే వారు విడువలేదు. కొంతకాలము ఆగిన అమ్మకము 1926లో మరల మొదలయ్యెను. అటుపిమ్మట లోకమునందలి వీథులన్నిటిలోను సీసపు పొగ వ్యాపించెను. అది పసిపిల్లల మెదడుకు హాని కలిగించునని తరువాతి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. మన భారతదేశమున 2000 ఫిబ్రవరి 1వ తేదీ నుండి సీసము కలిపిన పెట్రోలును నిషేధించిరి. కార్లకు దానిని అమ్మిన కడపటి దేశమగు అల్జీరియా 2021లో మానివేసెను. ఒక తప్పును దిద్దుకొనుటకు లోకమునకు సుమారు నూరేండ్లు పట్టినది.

కెట్టరింగు 1947లో పదవి నుండి విరమించెను. అతడును స్లోనును కలలు గన్న విశాలమైన పరిశోధనా కేంద్రము డెట్రాయిట్ సమీపమున వారెన్ అను చోట, ఈరో సారినెన్ అను వాస్తుశిల్పి రూపొందించిన భవనములతో, 1956 మే 16వ తేదీన ప్రారంభమయ్యెను. పెరటి కొట్టములో మొదలైన పని సరస్సు గట్టున సౌధములలోనికి చేరుట అతడు కన్నులార చూచెను. స్లోనుతో కలిసి 1945లో న్యూయార్కున క్యాన్సరు పరిశోధనకు ఒక సంస్థను నెలకొల్పుటలోను అతని చేయి కలదు. గడ్డి పచ్చగా నుండుటకు కారణమేమి, ఆకు ఎండనుండి శక్తి నెట్లు గ్రహించును అను ప్రశ్నలపై గూడ అతడు ధనము వెచ్చించి పరిశోధనలు చేయించెను. 1958 నవంబరు 25వ తేదీన, ఎనుబదిరెండవ ఏట నిండిన పిమ్మట, డేటన్‌లో కన్నుమూసెను.

యంత్రము చేయు మొరను కెట్టరింగు వలె శ్రద్ధగా ఆలకించినవారు అరుదు. చూపు మందగించినను, ప్రయత్నము చెడినను, నలుగురు నవ్వినను అతడు వెనుదీయలేదు. ఈ గుణము విద్యార్థులకు అనుసరణీయము. కాని పనివారి మొరను, వైద్యుల మొరను అంత శ్రద్ధగా ఆలకించియుండినచో అతని కీర్తికి కళంకము లేకపోయెడిది. ఒక వస్తువు పనిచేయునా అను ప్రశ్నతో పరిశోధన మొదలగును. అది ఎవరికైన కీడు చేయునా అను ప్రశ్నకు జవాబు దొరికినప్పుడే అది ముగియును.