మదనపల్లె చేంబర్లేన్ దొరగారు

పఠన భాగములు: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము, 2 కొరింథీయులకు 12:7–10



మన ప్రాంతపు సంఘములలో చేంబర్లేన్ దొరగారి పడవ కథ వినని వారు తక్కువ. సండేస్కూలులో పిల్లలకు చెప్పుదుము, ఉజ్జీవ కూటములలో పెద్దలకు చెప్పుదుము. నేనును పదునైదు ఏండ్లుగా చెప్పుచు వచ్చితిని. పోయిన వానకాలములో ఒక శనివారపు ప్రార్థన కూటమున ఆ కథ చెప్పి ముగించి బయటికి రాగా, మా సంఘపు అవ్వ ఒకామె గుడి మెట్లమీద నన్ను నిలిపెను. ఆమె కొడుకు అంతకు ముందటి యేడు జ్వరముతో పడినాడు. మేమందరము మూడు రాత్రులు మోకాళ్ళూని ప్రార్థించితిమి. బిడ్డ దక్కలేదు. అయ్యగారూ, ఆ దొరకు పడవ వచ్చినది గదా, మాకేల రాలేదని ఆమె అడిగెను. కోపముతో అడుగలేదు; తెలిసికొనవలెననియే అడిగెను. నేను ఏదో జవాబు చెప్పితిని. చెప్పిన మాట నాకే రుచింపలేదు. ఇంటికి వచ్చి ఆ దొరగారి జీవితమును మొదటినుండి మరల చదువుట మొదలుపెట్టితిని. చదివిన దానిని ఈ నెల మీ యెదుట పెట్టుచున్నాను.

జేకబ్ చేంబర్లేన్ గారు, మన భాషలో చెప్పవలెనన్న యాకోబుగారు, 1835వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన అమెరికా దేశములోని కనెక్టికట్ రాష్ట్రమందు షారోను అను ఊరిలో పుట్టెను. పెరిగినది ఒహాయో రాష్ట్రమందు. 1856లో అక్కడి కళాశాల చదువు ముగించి, పిమ్మట వేదాంత పాఠశాలలో చదివెను. అంతటితో ఆగక వైద్యము కూడ నేర్చుకొనెను. 1859లో షార్లెట్ బర్జ్ అను ఆమెను వివాహము చేసికొని, ఆ సంవత్సరము డిసెంబరులో ఆమెతో ఓడ ఎక్కి, 1860లో మద్రాసులో దిగెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియైదు ఏండ్లు.

ఆయన చేరినది ఆర్కాటు మిషనులో. స్కడ్డర్ సహోదరులు 1853లో స్థాపించిన మిషను అది. ఆ దినములలో చిత్తూరు, పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోను, మదనపల్లె కడప జిల్లాలోను ఉండెను. చిత్తూరు జిల్లా అని మనము పిలుచుకొనునది 1911లోనే ఏర్పడినది. దొరగారు మొదట పలమనేరులో పని చేసెను. తెలుగు, అరవము, కన్నడము మూడును సంతలో కలిసిపోవు ఊరది. అక్కడ నాలుక తిరిగినవాడు ఎక్కడనైనను మాటలాడగలడని మావైపు పెద్దలందురు. 1863లో ఆయన పుంగనూరు మీదుగా పైకి వెళ్ళి మదనపల్లెలో తెలుగు పని ప్రారంభించెను. టమోటా గంపలతో తెల్లవారకముందే మదనపల్లె మార్కెట్టుకు పోవు మన రైతు సహోదరులకు ఆ దారి బాగుగా తెలియును. ఆయన పోయిన దినములలో అది ఎద్దుబండి దారి.

ఆ 1863వ సంవత్సరమందే ఆయన కొందరు తెలుగు ఉపదేశులను వెంటబెట్టుకొని ఉత్తరమునకు బయలుదేరెను. నైజాము రాజ్యము గుండ, గోదావరి అడవుల గుండ, సువార్త వినని ఊళ్ళలో బోధించుచు, తెలుగు సువార్త పుస్తకములు అమ్ముచు చేసిన ప్రయాణము అది. మొత్తము పన్నెండు వందల మైళ్ళు. గుఱ్ఱము, బండ్లు, కాలినడక, వీటితోనే.

ఆ ప్రయాణములో నైజాము రాజ్యమందలి ఒక కోట ఊరిలో జనులు ఆయనను తరుముటకు రాళ్ళు చేతబట్టుకొనిరి. ఆయన, ఒక్క కథ చెప్పనిచ్చి ఆ తరువాత మీ ఇష్టము వచ్చినట్లు కొట్టుడని అడిగెను. క్రీస్తు ప్రభువు పుట్టుక మొదలుకొని సిలువ వరకు వారి భాషలో చెప్పెను. కథ ముగియులోగా రాళ్ళు నేలబడెను, కొందరి కన్నులలో నీరు నిలిచెను. రాళ్ళు పట్టిన ఆ చేతులే డబ్బిచ్చి సువార్తలు కొనుక్కొనెను. మంచి కథ చెప్పగలవాడే మంచి బోధకుడని నేను సెమినరీ విద్యార్థులతో అనుచుందును గాని, ఇంతటి పరీక్షలో నిలిచిన బోధకుని నేనింకొకని ఎరుగను.

ఇక పడవ సంగతి. వానకాలము. గోదావరి పొంగి పారుచున్నది. ఆ కాలమున ప్రభుత్వమువారు ఆ నది ఎగువ భాగమందు పొగయోడలు నడుపవలెనని పెద్ద ప్రయత్నము చేయుచుండిరి. 1871లో ఆ పని మానివేసిరి. దొరగారి బృందము ఎక్కవలసిన పొగయోడ రాలేదు. నది ఒడ్డున అడవిలో నడిచి క్రిందికి పోవుట తప్ప వేరు దారి లేకపోయెను. పులులున్న అడవి అది. చీకటి పడకముందు ఒక మిట్ట చేరి డేరాలు వేసి, చుట్టును మంటలు పెట్టుకొందుమనుకొనిరి. తీరా చూడగా గోదావరి నీరు వెనుకకు తన్ని వాగులన్నియు నిండిపోయెను. దాటు పడవలు కొట్టుకొనిపోయినవని ఎదురైన అడవి మనుష్యులు చెప్పిరి. ముందుకు దారి లేదు. నిలువ పొడినేల లేదు. ప్రొద్దు క్రుంకుచున్నది. మోతకూలీలు భయముతో గుంపుగూడిరి.

దొరగారు గుఱ్ఱముమీద కొంచెము ముందుకు పోయి, జీనుమీద కూర్చుండియే ప్రార్థించెను. తాను వచ్చినది ఎవరి పని మీదనో ఆ ప్రభువుకే జ్ఞాపకము చేసెను. ఎడమకు తిరిగి నదియొద్దకు పోవలెనని ఆయన మనస్సునకు స్పష్టముగా తోచెను. దారి చూపువారు అది పిచ్చితనమనిరి. ఆయన మరల ప్రార్థించెను. అదే తలంపు వచ్చెను. మూడవమారు కూడ అదే. తన తెలుగు ఉపదేశులతో ఆ సంగతి చెప్పి, అందరిని ఎడమకు త్రిప్పెను.

నది ఒడ్డుకు చేరగానే, కాళ్ళముందర పెద్ద బల్లకట్టు పడవ ఒకటి చెట్టుకు కట్టబడియుండెను! పడవవాండ్రు దొరను చూచి వణకిరి. అది సర్కారువారి దాటు పడవ. ఎగువ రేవులో వరదకు త్రాళ్ళు తెగి కొట్టుకొని వచ్చినది. తిరిగి రేవుకు నడుపుటకు వారెంత పోరాడినను అది వినక ఆ చోటికే వచ్చి ఆగినది. తమను శిక్షించుటకు అధికారి వచ్చెనని వారనుకొనిరి. ఆ పడవమీదనే డేరా వేసికొని అందరును ఆ రాత్రి గడిపిరి. ఒడ్డున పులుల అరపులు వినబడుచుండెను. పడవకు, ఒడ్డుకు మధ్య నీరుండెను.

ఇంతవరకు మనమందరము చెప్పుకొనునదే. ఇక్కడ ఆపి, కీర్తన పాడి, కానుక పట్టుదుము. నేనును అట్లే చేసితిని.

అయితే ఆ ప్రయాణమునుండి దొరగారు పడవ కథ ఒక్కటే తెచ్చుకొనలేదు. అదే అడవినుండి అడవి జ్వరమును కూడ తెచ్చుకొనెను. ఆనాడు ఆ జ్వరము అడవి గాలివలన వచ్చునని వైద్యులుకూడ అనుకొనిరి. దోమ కాటు సంగతి రొనాల్డ్ రాస్ గారు మన సికింద్రాబాదులోనే 1897లో కనుగొనునంతవరకు ఎవరికిని రూఢిగా తెలియదు. తడిసిన బట్టలతో, వరద నీటి ప్రక్కన, దోమతెర విలువ ఎరుగక పండుకొన్న ఆ వైద్యునికి తన శత్రువు పులి కాదు, చెవియొద్ద గీపెట్టు చిన్న పురుగని ఎట్లు తెలియును? ఆ జ్వరము మాటిమాటికి తిరిగి వచ్చెను. బలము తీసెను. దేశము విడిచి స్వదేశమునకు పోవలసినంతగా ఆయన ఆరోగ్యమును చెరిపెను. పడవ ఒక్క రాత్రికి వచ్చెను. ఆ ప్రయాణపు దెబ్బ నలువది యేండ్లకు పైగా ఆయన దేహమునుండి పోలేదు.

ఒక రాత్రి పడవకొరకు ప్రార్థించిన మనుష్యుడు, ఇన్ని యేండ్ల జ్వరములో ప్రార్థింపక యుండెనని ఎవరనగలరు? పౌలు మూడుమారులు వేడుకొన్నను ముల్లు తీయబడలేదు. అదే పౌలు ఓడ బద్దలైనప్పుడు రెండువందల డెబ్బదియారుగురిలో ఒకడై ఒడ్డు చేరెను. రెండును ఒక్క మనుష్యుని చరిత్రయే. మనము బోధకులము ఓడ అధ్యాయమును ఒక ఆదివారము, ముల్లు అధ్యాయమును వేరొక ఆదివారము చెప్పుదుము. మధ్య వారములో ప్రజలు మరచిపోవుదురు. తప్పు మాది.

జ్వరమెరిగిన ఆ వైద్యుడు మదనపల్లెలో, పలమనేరులో మందుల శాలలు నడిపెను. ఉదయమున రోగులు కూడినప్పుడు మొదట సువార్త భాగము చదివి, ప్రార్థించి, ఆ తరువాత నాడి పట్టుట ఆయన పద్ధతి. ప్రార్థించితిమి గనుక మందు అక్కరలేదని ఆయన ఒక్కనాడును చెప్పలేదు. ఈ మాట మన పల్లెలలో ఇంకను కొందరు వినవలసియున్నది. ఆయన తరువాత ఆ ఊరిలో 1911లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి, 1912లో ఆరోగ్యవరము క్షయ ఆసుపత్రి వచ్చుటకు నేల దున్నినవారిలో ఆయన ఒకరు.

బోధకు పోయినప్పుడు తెలుగు రాగములలో పాట పాడించి జనులను కూర్చుట ఆయనకు ఇష్టము. పల్లె ప్రజల నోళ్ళలో నానిన వేమన పద్యములను కూడ ఆయన ఎరుగును. దొర నోట తెలుగు విని నవ్వ వచ్చినవారు నిలిచి వినుచుండిరి.

ఇంటిలో కూర్చుండి చేసిన పని యొకటి కలదు, దానికి కథ లేదు గనుక ఎవరును చెప్పరు. తెలుగు బైబిలు సవరణ. తెలుగులో వాక్యానువాదము ఆయనతో మొదలు కాలేదు. 1805 ప్రాంతమున విశాఖపట్టణములో లండను మిషనువారు ఆనందరాయరు అను తెలుగు పండితుని సహాయముతో సువార్తలను త్రిప్ప మొదలిడిరి. తరువాత చాలమంది చేతులు పడినవి. ఆ తర్జుమాను సరిచూచు సంఘమునకు చేంబర్లేన్ గారు 1873 మొదలు 1894 వరకు అధ్యక్షులుగా ఉండిరి. ఇరువదియొక్క సంవత్సరములు! వేర్వేరు మిషనులవారు ఒక బల్లచుట్టు కూర్చుండి, ఒక్కొక్క మాటకు హెబ్రీ, గ్రీకు చూచి, తెలుగు చెవికి ఎట్లు వినబడునో పలికి చూచి నిర్ణయింపవలెను. మా సంఘ కమిటీలో గుడికి చాపలు కొనుటకు మూడు కూటములు పట్టినవి, అందులో ఒకటి కోపముతో ముగిసినది. కాబట్టి ఆ ఇరువదియొక్క సంవత్సరముల ఓర్పు పడవకంటె చిన్న అద్భుతమని నేననను. ఆ బల్లయొద్ద కూర్చున్న తెలుగు పండితులను, అడవిలో ఆయన వెనుక ఎడమకు తిరిగిన తెలుగు ఉపదేశులను మనము పేరుపెట్టి తలచుకొనుట లేదు. దొరగారి పేరు మాత్రము మనకు నోటికి వచ్చును.

ఆరోగ్యము కొరకు స్వదేశమునకు పోయినప్పుడును ఆయన ఊరక కూర్చుండలేదు. 1878లో ఆయన సంఘపు జనరల్ సినడ్ ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొనెను. ఆ తరువాత ఇంకొకమారు పోయినప్పుడు, తెలుగు, అరవ సంఘములకు స్వదేశ గురువులను తర్ఫీదు చేయుటకు వేదాంత పాఠశాల కావలెనని ఊరూరు తిరిగి మూలధనము కూర్చెను. 1880ల చివరలో ఆ పాఠశాల పలమనేరులో తెరువబడెను. ఆయన కుమారులు ఇద్దరు అదే మిషనులో సేవకు వచ్చిరి. 1901లో ఆర్కాటు సంఘములును స్కాట్లండువారి మద్రాసు సంఘములును ఏకమైనప్పుడు, ఆ ఐక్య సినడునకు మొదటి మోడరేటరుగా పెద్దలు ఆయననే నిలిపిరి.

పడవ కథను ఆయన పుస్తకములో అచ్చు వేయించినది 1896లో, అనగా ఆ రాత్రి గడిచిన ముప్పదిమూడు సంవత్సరములకు. అప్పటికి ఆ అడవి తన దేహములో ఏమి చేసెనో ఆయనకు పూర్తిగా తెలియును. 1908వ సంవత్సరము మార్చి 2వ తేదీన ఆయన మదనపల్లెలోనే ప్రభువునందు నిద్రించెను. ఆ యేడే, ఆయన పోయిన కొలది నెలలకు, దక్షిణ ఇండియా ఐక్య సంఘము ఏర్పడెను. ఆయన దానిని చూడలేదు.

ఇదంతయు చదివిన తరువాత నేను అవ్వ ఇంటికి పోయితిని. కొడుకు పటము గోడకుండెను. జ్వరము సంగతి మొదలుకొని చెప్పితిని. ఈమారు పడవను మధ్యలో చెప్పితిని. నీ కొడుకుకు పడవ ఏల రాలేదో నాకు తెలియదని కూడ చెప్పితిని. పోయినసారి ఆ మాట చెప్పుటకే నాకు ధైర్యము చాలలేదు. ఆమె చాలసేపు ఊరకుండి, ఊరివారికి మందిచ్చిన ఆ దొర తన జ్వరమునకు మందు వేసికొనలేకపోయెనా అని అడిగెను. మందుకు తగ్గును, మరల వచ్చునని చెప్పితిని. అట్టి జ్వరముతోనే పుస్తకము సరిదిద్దెనా అని అడిగెను. అవునంటిని. ఆమె లేచి, అరుగుమీది బైబిలు తీసి, దుమ్ము తుడిచి, కన్నులు ఆనవు గనుక నన్ను చదువుమనెను.

నేను బయలుదేరునప్పుడు, సండేస్కూలు పిల్లలకు కూడ జ్వరము సంగతి చెప్పుమని ఆమె నాకు ఆజ్ఞ యిచ్చెను. వచ్చు ఆదివారము చెప్పుచున్నాను.