మృతుల దగ్గర నేర్చుకున్న వైద్యుడు

అపొస్తలుల కార్యములు చదివేవారికి యొప్పే పట్టణం కొత్తది కాదు. బీద విధవరాండ్రకు బట్టలు కుట్టిపెట్టిన దొర్కా చనిపోయి, పేతురు ప్రార్థనతో తిరిగి లేచింది అక్కడే. ఏ మనిషినీ తక్కువగా చూడకూడదని పేతురు నేర్చుకున్నదీ అక్కడే, చర్మకారుడైన సీమోను ఇంటి మిద్దెమీద. ఇప్పుడు యాఫా అని పిలిచే ఆ ఊళ్లో ఒక ఇంగ్లీషు వైద్యుడి సమాధి ఉంది. ఆయన పేరు థామస్ హాడ్జ్‌కిన్. మన క్యాన్సర్ ఆస్పత్రుల్లోనూ ఆ పేరు వినిపిస్తూనే ఉంటుంది. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే జబ్బుకు పెట్టింది ఆయన పేరే. జబ్బు పేరు విన్నవారిలో ఆ మనిషిని ఎరిగినవారు తక్కువ. ఈ వారం ఆయన జీవితాన్ని తలచుకుందాం.

హాడ్జ్‌కిన్ 1798 ఆగస్టు 17న లండన్‌లోని పెంటన్‌విల్‌లో క్వేకర్ కుటుంబంలో పుట్టారు. క్వేకర్లు పాస్టరు లేకుండా మౌనంగా కూర్చుని దేవుణ్ణి ఆరాధించేవారు. ఆ రోజుల్లో ఆడంబరం లేని దుస్తులు వేసుకునేవారు, ఒట్టు పెట్టుకునేవారు కారు. ప్రతి మనిషిలోనూ దేవుని వెలుగు ఉంటుందన్నది వారి నమ్మకం. రాజసంఘానికి చెందనివారికి అప్పట్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పట్టాలు అందేవి కావు. అందుకని హాడ్జ్‌కిన్ స్కాట్లండ్ వెళ్లి, 1823లో ఎడిన్‌బరోలో వైద్యపట్టా తీసుకున్నారు. మధ్యలో పారిస్‌లో స్టెతస్కోపు కనిపెట్టిన లేనెక్ దగ్గర నేర్చుకుని, ఆ కొత్త పరికరాన్ని లండన్‌లోని గైస్ ఆస్పత్రికి తెచ్చి చూపించారు.

గైస్ ఆస్పత్రి కథ కూడా మనకు ఆసక్తి కలిగించేదే. దాన్ని స్థాపించిన థామస్ గై బైబిళ్లు అచ్చువేసి అమ్మిన వ్యాపారి. తర్వాత సౌత్ సీ కంపెనీ వాటాలమీద పెద్ద ఆస్తి గడించి, ఆ డబ్బుతో బీద రోగుల కోసం ఆస్పత్రి కట్టించాడు. ఆ కంపెనీ బానిసల వ్యాపారం కూడా చేసింది. మంచి పనికి వచ్చిన డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న ఆ గోడల్లో మొదటినుంచీ ఉంది. అది ఒకనాడు హాడ్జ్‌కిన్ ముందుకు కూడా వచ్చింది.

1825లో గైస్ వైద్య పాఠశాల పొరుగున ఉన్న సెయింట్ థామస్ ఆస్పత్రి నుంచి విడిపోయింది. విద్యార్థులకు చూపించడానికి సొంత మ్యూజియం కావలసి వచ్చింది. చనిపోయిన రోగుల శరీరాలను పరీక్షించే పనీ, మ్యూజియం బాధ్యతా హాడ్జ్‌కిన్‌కు అప్పగించారు. గౌరవం తక్కువ, శ్రమ ఎక్కువ ఉన్న పని అది. దుర్వాసన భరిస్తూ, వేలికి చిన్న గాటు పడినా ప్రాణాపాయం అని తెలిసి చేయవలసిన పని.

జబ్బు పట్టిన అవయవాన్ని తీసి స్పిరిట్ పోసిన గాజు జాడీలో భద్రపరిచేవారు. ప్రతి నమూనాకూ ఒక సంఖ్య ఉండేది. ఆ సంఖ్యను పట్టుకుని వెళితే ఆ రోగికి బతికి ఉండగా ఏ బాధ కలిగింది, శరీరంలో చివరికి ఏం కనిపించింది అన్న వివరం పుస్తకంలో దొరికేది. హాడ్జ్‌కిన్ 1829లో మ్యూజియం జాబితాను అచ్చువేయించారు. అదే మ్యూజియం కోసం జోసెఫ్ టౌన్ అనే శిల్పి 50 ఏళ్లకు పైగా జబ్బుల రూపాలను మైనంతో చేసిపెట్టాడు.

ఆ జాడీల్లో ఉన్నది ఎవరు? ఎక్కువమంది బీదలే. డబ్బున్నవారికి ఇంట్లోనే వైద్యం జరిగేది. ఆస్పత్రి మంచం ఎక్కేది కూలివారు, పనిమనుషులు. శవాలను దొంగిలించి అమ్మేవారి భయం అప్పట్లో బీదలను వెంటాడేది. వారిని అనుమతి అడిగే ఆచారం ఇప్పటిలా ఉండేది కాదు. వైద్యశాస్త్రం ఈ బీదలకు పెద్ద బాకీ పడింది. మన మెడికల్ కాలేజీల పాథాలజీ మ్యూజియాల్లోని జాడీల ముందు నిలబడినా ఈ మాట గుర్తుండాలి. హాడ్జ్‌కిన్ ఆ బాకీని తీర్చడానికి తనకు తెలిసిన దారిలో ప్రయత్నించారు. ఏ రోగి మరణమూ వృథా పోకుండా చూశారు.

ఆ శ్రద్ధ వల్లే 1832లో ఆయన చేసిన ఒక సమర్పణ చరిత్రలో నిలిచింది. కొందరు రోగులకు మెడలో, చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కట్టి పెరిగిపోయేవి. ప్లీహం కూడా వాచేది. అది క్షయ వల్లనో మరో వాపు వల్లనో వచ్చిందని అనుకునేవారు. హాడ్జ్‌కిన్ ఏడుగురి వివరాలు వరుసగా పెట్టి, ఇది ఆ గ్రంథుల్లోనే పుట్టే వేరే జబ్బు అని చూపించారు. మైక్రోస్కోపుతో కాదు, కంటితో చూసే చెప్పారు. ఆనాడు దాన్ని పెద్దగా పట్టించుకున్నవారు లేరు.

ఆయన చూపు మ్యూజియం గదికే పరిమితం కాలేదు. స్పిటల్‌ఫీల్డ్స్‌లో కార్మికులకు శుభ్రత, ఆహారం, ఆరోగ్యం గురించి ఉపన్యాసాలిచ్చారు. బీదల దగ్గర ఫీజు అడగలేకపోయేవారు. సముద్రాల అవతల ఆంగ్లేయుల రాకతో భూమి పోగొట్టుకుంటున్న ఆదివాసుల గురించి చదివి, రాసి, వారి పక్షాన మాట్లాడేవారు.

అక్కడే చిక్కు వచ్చింది. గైస్ ఆస్పత్రిని నడిపే కోశాధికారి బెంజమిన్ హారిసన్. నియామకాలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. ఆయనే కెనడాలో బొచ్చు చర్మాల వ్యాపారం చేసే హడ్సన్స్ బే కంపెనీ పెద్దల్లో ఒకరు. ఆ వ్యాపారం వల్ల అక్కడి ఆదివాసులకు జరుగుతున్న హానిని హాడ్జ్‌కిన్ నేరుగా హారిసన్ దృష్టికే తీసుకువెళ్లారు. ఊరుకుంటే సరిపోయేది. తన భవిష్యత్తు ఎవరి చేతిలో ఉందో ఆయనకు తెలియనిది కాదు. 1837లో సహాయ వైద్యుడి పదవి ఖాళీ అయింది. పన్నెండేళ్లుగా ఆ ఆస్పత్రికి చాకిరీ చేసిన హాడ్జ్‌కిన్‌కు అది దక్కలేదు. వేరే కారణాలు కూడా ఉన్నాయని చెప్పేవారున్నారు, కాని ఈ కారణాన్ని ఎవరూ పక్కన పెట్టలేరు. ఆయన రాజీనామా చేసి, తన చేతులతో పేర్చిన మ్యూజియాన్ని వదిలి వెళ్లిపోయారు. ఆ ఏడాదే ఆదివాసుల రక్షణ కోసం ఒక సంఘాన్ని స్థాపించడంలో ముందు నిలిచారు.

హాడ్జ్‌కిన్‌లో లోపాలు లేవని మేము చెప్పడం లేదు. అమెరికాలోని నల్లజాతివారిని ఆఫ్రికాలోని లైబీరియాకు పంపే పథకాన్ని ఆయన సమర్థించారు. పుట్టిన దేశంనుంచి మమ్మల్ని ఎందుకు పంపుతారని ఆ ప్రజల్లోనే చాలామంది అడిగారు. మేలు కోరేవాడు కూడా ఎవరి మేలు కోరుతున్నాడో వారి మాట వినాలని ఇది మనకు నేర్పుతుంది.

తర్వాతి జీవితం గొప్పగా సాగలేదు. 1842లో సెయింట్ థామస్‌లో కొద్దికాలం పనిచేశారు. యౌవనంలో ప్రేమించిన పినతండ్రి వరుస బంధువుల అమ్మాయిని పెళ్లాడటానికి క్వేకర్ నియమం ఒప్పుకోలేదు. 1850లో, 50 ఏళ్లు దాటాక, ఒక విధవరాలిని వివాహం చేసుకున్నారు. యూదుడైన సర్ మోజెస్ మాంటిఫియోరీతో ఆయన స్నేహం దాదాపు 40 ఏళ్లు నిలిచింది. కష్టాల్లో ఉన్న యూదులను ఆదుకోవడానికి మాంటిఫియోరీ చేసిన ప్రయాణాల్లో తోడు వెళ్లేవారు. 1866లో పాలస్తీనాకు కూడా అలాగే వెళ్లారు. దారిలో రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. ఏప్రిల్‌లో యాఫాలో కన్నుమూశారు. ఆ క్రైస్తవుడి సమాధిమీద రాతిస్తంభం నిలబెట్టించింది ఆ యూదు స్నేహితుడే.

ఆయన పోవడానికి ఒక ఏడాది ముందు, గైస్‌లోనే పనిచేసే శామ్యూల్ విల్క్స్ ఆ జబ్బును తానే మొదట గుర్తించానని అనుకుని, అంతకుముందే హాడ్జ్‌కిన్ రాసినది చూసి, దానికి ఆయన పేరే పెట్టారు. పేరు తనదిగా చేసుకునే అవకాశం ఉన్నా చేసుకోలేదు. 1926లో హెర్బర్ట్ ఫాక్స్ అనే వైద్యుడు హాడ్జ్‌కిన్ దాచిన నమూనాలను తీసి మైక్రోస్కోపు కింద చూశారు. దాదాపు వందేళ్లు గడిచినా కణజాలం చెడలేదు. కొన్నింటిలో ఆ జబ్బు స్పష్టంగా కనిపించింది. ఆ సేకరణ ఇప్పుడు గైస్ ప్రాంగణంలోనే గోర్డన్ మ్యూజియంలో ఉంది. సుమారు 8,000 నమూనాలున్న ఆ మ్యూజియంలోకి వైద్య విద్యార్థులనూ వైద్యులనూ తప్ప సందర్శకులను సాధారణంగా రానివ్వరు. అక్కడున్నవి వింత వస్తువులు కావు, మనుషుల శేషాలు.

ఒకప్పుడు మరణమే అనుకున్న ఆ జబ్బు ఇప్పుడు చాలామందికి నయమవుతోంది. మన సంఘాల్లో ఎవరికైనా మెడలోనో చంకలోనో నొప్పి లేని బిళ్ల వారాల తరబడి తగ్గకుండా ఉంటే, ప్రార్థనతోపాటు వైద్యుడి దగ్గరికీ తీసుకువెళ్లండి. ఆ ఏడుగురి ద్వారా దేవుడు మనకిచ్చిన మేలును తోసివేయకండి.

మరొకటి కూడా ఆలోచించండి. మన సంఘాలకూ ఆస్పత్రులకూ బడులకూ దాతలున్నారు, పెద్దలున్నారు. వారి వ్యాపారం ఎక్కడో దూరాన బీదలను నలిపితే మనం ఏం చేస్తాం? పదవి పోతుందని, కానుక ఆగిపోతుందని ఊరుకుంటామా? మృతుల మధ్య పన్నెండేళ్లు నిలబడి ఏ శరీరమూ తక్కువది కాదని నేర్చుకున్న వైద్యుడు బతికి ఉన్నవారి విషయంలో నోరు మూసుకోలేకపోయాడు. పేతురు నేర్చుకున్న పాఠం కూడా అదే. హాడ్జ్‌కిన్ దాన్ని యొప్పే చేరకముందే నేర్చుకుని, వెల చెల్లించారు.