నిండిన కోశము – ఉస్మాన్ అలీఖాన్ జీవితము

నాచారము పారిశ్రామిక వాడలో తెల్లవారక మునుపే మొదటి షిఫ్టు కార్మికులు గేట్ల యొద్ద నిలుచుందురు. రాత్రి షిఫ్టు ముగించినవారు వారికెదురుగా వచ్చుచుందురు. వారిది పొట్టకూటి పరుగు. దానిని తప్పు పట్టరాదు. ఉప్పల్ ప్రాంతమున నేల విలువ పెరిగిన నాటినుండి మరియొక పరుగు బయలుదేరినది. ఒక ప్లాటు గలవాడు రెండవదానికి, రెండు గలవాడు నాలుగవదానికి ఉరుకుచున్నాడు. తండ్రి ఇల్లు చేరునప్పటికి బిడ్డలు నిద్రించియుందురు. ఇష్టలింగ పూజకు కాలము చిక్కుటలేదని చెప్పు గృహస్థులు మనలోనే కలరు. ఎప్పుడాగుదురని అడిగినచో, తగినంత చేరిన పిమ్మట అందురు. తగినంత అనగా ఎంత? నాచారము నుండి తార్నాక వైపు పోవువారికి సమీపముననే ఉస్మానియా విశ్వవిద్యాలయము కలదు. దానికి తన పేరునిచ్చిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ జీవితమును తలచుకొన్నచో ఈ ప్రశ్న ఎంత కఠినమైనదో తెలియును.

ఆయన 1886లో జన్మించెను. తండ్రి మహబూబ్ అలీఖాన్ ధారాళముగా వ్యయము చేయువాడు. పురానీ హవేలీలోని ఆయన దుస్తుల అరల వరుసను చూచి జనులు నేటికిని విస్తుపోవుదురు. కుమారుడందుకు పూర్తిగా విరుద్ధము. 1911లో సింహాసనమెక్కునాటికి, మూడేండ్ల క్రిందటి మూసీ వరద మిగిల్చిన శిథిలములు నగరమున ఇంకను ఉండెను. ఆ నదిని అదుపుచేయుటకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియయ్యెను. 1918లో ఉర్దూ బోధనాభాషగా విశ్వవిద్యాలయము వెలసెను. 1931లో నిజాంసాగర్ మంజీర నీటిని పొలములకు మళ్ళించెను. దస్త్రములను తానే చూచుట ఆయన అలవాటు. పని విషయమున ఆయన సోమరి యని ఎవరును అనజాలరు.

ధనము మాట వేరు. 1937లో రజతోత్సవము జరిగిన కాలముననే అమెరికా దేశపు టైమ్ పత్రిక ఆయన చిత్రమును ముఖపత్రముపై వేసి, లోకములో మిక్కిలి ధనవంతుడని ప్రకటించెను. తండ్రి మరణానంతరము ఒక పాదరక్ష మొనలో దొరికిన 184 క్యారెట్లకు పైబడిన జేకబ్ వజ్రమును ఆయన కాగితములపై బరువుగా ఉంచుకొనెను. దర్శనమునకు వచ్చినవారు నజరానాగా బంగారు అష్రఫీలు సమర్పించుట రివాజు. వాని లెక్కయందు ఆయనకు ఏమరుపాటు లేదు. అయినను కట్టినది వెలిసిన షేర్వానీ, పెట్టినది పాత టోపీ, కాల్చినది చవుక చార్మినార్ సిగరెట్టు. బంగారము నింపిన లారీలు కింగ్ కోఠీ ఆవరణలో కదలక చక్రములు నేలలో దిగబడెనని, నోట్ల కట్టలను ఎలుకలు కొరికెనని గ్రంథములలో వ్రాసినారు. వీనిలో సగము బజారు కథలని నా తలంపు. తక్కిన సగమే చాలును.

ఇది నిరాడంబరత కాదా యని కొందరు అడుగుదురు. మన మారయ్యగారి కథ జ్ఞప్తికి తెచ్చుకొందము. కల్యాణమున బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యము ఏరుకొని దాసోహము నడుపుట ఆ శరణుని కాయకము. ఒకనాడు అలవాటుకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ అధికమును చూచి, ఏరినచోటనే పోసి రమ్మని పంపెను. మారయ్యయు పేదగనే బ్రతికెను. నిజామును పేదవలెనే కట్టెను. కాని కింగ్ కోఠీలో ఆ మాట చెప్పగల లక్కమ్మ లేకపోయెను.

ఆ కోశమెట్లు నిండెనో మఱువరాదు. రాజ్యములో సుమారు పదవ వంతు భూమి సర్ఫేఖాస్ పేర ఆయన సొంతము. పల్లెలలో వెట్టిచాకిరి, జాగీర్దారుల దౌర్జన్యము సాగినంత కాలము తెలంగాణ రైతుకు రెండు పూటల అన్నము అరుదు.

1948 సెప్టెంబరు 17న రాజ్యము చేజారెను. మూడు దినములకే లండను బ్యాంకులోని హైదరాబాదు ప్రభుత్వ ధనము, సుమారు పది లక్షల పౌన్లు, పాకిస్తాన్ హైకమీషనరు ఖాతాకు మారెను. తన అనుమతి లేనిదని నిజాం తిరిగి కోరెను, బ్యాంకు ఇవ్వలేదు. 1950 నుండి 1956 వరకు ఆయన రాజప్రముఖుడుగా ఉండెను. ధర్మనిధులు స్థాపించెను, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి మూలము అట్టి నిధి కట్టించిన ఎముకల వైద్యశాలయే. 1965లో దేశరక్షణకు ఐదువేల కిలోల బంగారము దానమిచ్చెనని ఊరూర చెప్పుకొందురు. వాస్తవమునకు అది 425 కిలోలు; దానము కాదు, ఆరున్నర శాతము వడ్డీకి బంగారు బాండ్లలో పెట్టిన పెట్టుబడి. సుమారు ఎనుబది ఏండ్ల వయసున!

గృహమున శాంతి కొఱవడెను. అప్పులపాలైన పెద్దకుమారుడు ఆజం జాను కాదని మనుమడు ముకర్రం జాను వారసునిగా నిర్ణయించెను. ఆ మనుమనికి సంక్రమించినది ధనము కంటె దావాలే ఎక్కువ. ఆయన ఆస్ట్రేలియాలో గొఱ్ఱెల క్షేత్రమునకు తరలిపోయి, తుదకు 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో గతించెను. ఆభరణములు 173 అనేక వ్యాజ్యముల పిమ్మట 1995లో భారత ప్రభుత్వమునకు 218 కోట్ల రూపాయలకు చేరెను. లండను ధనము మూడున్నర కోట్ల పౌన్లై, 2019 అక్టోబరులో భారతదేశమునకు, నిజాం వారసులకు చెందునని తీర్పు వచ్చెను. కోరినవాడు గతించి అప్పటికి ఏబదిరెండేండ్లు.

ఉస్మాన్ అలీఖాన్ ఉర్దూ, పారశీక భాషలలో కవిత్వము వ్రాసెను. సాయంకాలము తల్లిని చూడబోవుట, 1941లో ఆమె గతించిన పిమ్మట ఆమె సమాధికి పోవుట ఆయన మానలేదని చెప్పుదురు. లెక్కలు తాకని గడియలు ఆయనకు అవియే కాబోలు. 1967 ఫిబ్రవరి 24న కన్నుమూసెను. నగరమంతయు వీధులలో నిలిచెను. కింగ్ కోఠీ ఎదుటి జూదీ మసీదులో, ఆ తల్లి ప్రక్కనే ఆయనను ఖననము చేసిరి.