నేట్ సెయింట్ – అడవికి తగిన విమానము

ధ్యాన భాగములు: 1 సమూయేలు 17:32–40, లూకా 14:28–32



గొల్యాతు ఎదుటికి పోవు దినమున దావీదు సౌలు రాజు ఇచ్చిన కవచమును తొడిగి చూచెను. అలవాటు లేని ఆ బరువుతో నడువజాలక దానిని తీసి పక్కన పెట్టెను. ఏటిలో రాళ్లు ఏరుకొని, తాను ఎరిగిన వడిసెలతోనే బయలుదేరెను. ఈ కథను పిల్లలకు చెప్పునప్పుడు మనము దావీదు ధైర్యమునే ఎక్కువగా చెప్పుదుము; అతని వివేకమును గూర్చి అంతగా చెప్పము. రాజు కవచము చెడ్డది కాదు. అయితే అది ఆ దేహమునకును ఆ పనికిని తగినది కాదు. పనికి తగిన సాధనమును ఏరుకొనుట కూడ విశ్వాసములో ఒక భాగమే. దీనిని చూపుటకై, దక్షిణ అమెరికాలోని ఈక్వెడారు అడవులలో చిన్న విమానమును నడిపి, 1956లో 32 ఏండ్ల ప్రాయమున ప్రాణము విడిచిన నేట్ సెయింట్ గారి జీవితమును ఈ నెల మేము మీ ముందుంచుచున్నాము.

బాల్యము – మూయబడిన తలుపు

ఆయన పూర్తి పేరు నతనయేలు. 1923 ఆగస్టు 30వ తేదీన అమెరికా దేశపు పెన్సిల్వేనియా రాష్ట్రమందు, ఎనిమిదిమంది బిడ్డలున్న యింట ఏడవవాడుగా పుట్టెను. తండ్రి లారెన్సు సెయింట్ గారు దేవాలయముల కిటికీలకు రంగుటద్దముల చిత్రములు కూర్చు నేర్పరి. వాషింగ్టనులోని మహాదేవాలయపు కిటికీలలో కొన్ని ఆయన చేతిపనియే. నేట్‌కు ఏడేండ్ల వయస్సున అన్న సామ్ అతనిని విమానమెక్కించెను. ఆనాటినుండి బాలుని మనస్సు ఆకాశమునందే యుండెను.

అయితే యౌవనారంభమున అతని కాలి ఎముకకు చీము పట్టు జబ్బు వచ్చెను. అది తగ్గినట్లు తగ్గి మరల తలయెత్తుచుండెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనిక విమానదళములో చేరి, విమానము నడుపు శిక్షణకు ఎంపికైన సమయముననే ఆ కాలు మరల వాచెను. సైన్యమువారు ఆ శిక్షణ తలుపు మూసివేసిరి. నేట్ విమానములను బాగుచేయు మెకానిక్కుగానే మిగిలెను. అప్పుడు అది గొప్ప నష్టముగా తోచెను. కాని ప్రతి మరను, ప్రతి గొట్టమును విప్పి చూచి, ఏది ఎందుచేత విరుగునో తెలిసికొన్న ఆ సంవత్సరములే తరువాత ఆయనను కాపాడెను.

మొదటి పాఠము – మెక్సికోలోని పాత విమానము

1945లో కొందరు క్రైస్తవ వైమానికులు కూడి, దారిలేని దేశములలోని మిషనెరీలకు విమానములతో సేవ చేయుటకు ఒక సహవాసమును స్థాపించిరి. నేడు అది మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అని పిలువబడుచున్నది. వారి మొదటి విమానము 1933 నాటి ఎర్రని వాకో. రెండంతస్తుల రెక్కలు, ముందు గుండ్రని పెద్ద ఇంజను గలది. బెట్టీ గ్రీన్ అను సహోదరి 1946 ఫిబ్రవరి 23న దానిని మెక్సికోకు నడిపించెను. పిమ్మట ఆ విమానము దెబ్బతినగా, సైన్యము విడిచిన నేట్ దానిని బాగుచేయుటకు మెక్సికోకు పోయెను.

వాకో బలమైన విమానమే. కాని అది పాతది, రెక్కలు నాలుగు, వాటిని కట్టు కడ్డీలును తీగెలును అనేకములు. ఊరికి దూరముగా ఒకటి విరిగినయెడల పని చాలా కాలము నిలిచిపోవును. కొనునప్పటి వెలకంటె, విరిగినప్పుడు బాగుచేయు వెలయే ఎక్కువ లెక్కింపదగినదని ఆ మరమ్మతు నేర్పుచున్నది.

రెండవ పాఠము – క్విటోలో కూలిన స్టిన్సన్

1948 ఫిబ్రవరి 14న నేట్ మార్జ్ అను నర్సును వివాహమాడెను. ఆ సంవత్సరమే వారిరువురు ఈక్వెడారు చేరి, ఆండీస్ పర్వతముల తూర్పు పాదమున షెల్ మేరా అను చోట కాపురముండిరి. షెల్ చమురు కంపెనీవారు అడవిలో నూనె వెదకుటకు కట్టుకొని విడిచిన స్థలమది. అక్కడినుండి తూర్పుగా అంతయు దట్టమైన అడవి. కాలినడకన బురదలో దినములు పట్టు ప్రయాణము గాలిలో నిమిషముల పనియాయెను. మందులు, ఉత్తరములు, గింజలు, రోగులు, అన్నియు ఆ ఒక్క విమానము మీదనే సాగెను. నేట్ ఎగురుచుండగా మార్జ్ ఇంట రేడియో యొద్ద కూర్చుండి, ఆయన ఎక్కడ లేచెనో ఎక్కడ దిగెనో వ్రాసికొనుచుండెను.

వారు మొదట వాడినది స్టిన్సన్ అను నలుగురు కూర్చుండు విమానము. దాని ఇంజను బలము 150 అశ్వశక్తికి తక్కువ కాదు. చదునైన దేశములో అది మంచి విమానము. కాని క్విటో పట్టణము సముద్రమట్టమునకు సుమారు 2,800 మీటర్ల ఎత్తున నున్నది. అంత ఎత్తున గాలి పలుచన. గాలి పలుచనైన కొలది ఇంజను బలము తగ్గును. రెక్కలకు ఆధారమును తగ్గును. క్రింద నాలుగు పాళ్లుగా నుండు ఇంజను బలము అక్కడ సుమారు మూడు పాళ్లే. 1948 డిసెంబరు చివర, క్విటోనుండి లేచిన వెంటనే పైనుండి దిగు గాలి ఆ విమానమును క్రిందికి త్రోసెను. విమానము కూలెను. ప్రయాణికులు బ్రదికిరి. నేట్ వెన్నెముక విరిగి, నెలల తరబడి పిండికట్టుతో పడియుండెను.

విమానము ఎంత మోయగలదని కాగితము మీద వ్రాయబడిన లెక్క సముద్రతీరపు లెక్క. కొండమీద ఆ లెక్క వేరు. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము ఇటువంటి సంగతులకు కూడ చెల్లును.

ఏ విమానము తగినది?

తరువాత నేట్ చేతికి వచ్చినది పసుపుపచ్చని పైపర్ ఫామిలీ క్రూజర్. ఇంజను బలము 115 అశ్వశక్తియే, అనగా స్టిన్సన్ కంటె తక్కువ. అయినను అది ఆ అడవికి ఎందుకు కుదిరెనో కొంచెము వివరించెదము.

మొదటిది, తేలిక. ఇనుపగొట్టముల చట్రము మీద గుడ్డ కప్పి రంగు పూసిన విమానమది. కొమ్మ గీచుకొని గుడ్డ చినిగినయెడల అక్కడనే మాసిక వేయవచ్చును. రెండవది, రెక్క పైననుండును గనుక క్రింద అడవి చక్కగా కనబడును. దిగుచోట ప్రక్కనున్న పొదలు రెక్కకు తగులవు. మూడవది, చిన్న చక్రము ముక్కు క్రింద గాక తోక క్రింద నుండును. ముక్కు చక్రము బురదలో దిగబడిన విమానము బోర్లపడవచ్చును. తోకచక్రముగల విమానము ముక్కు ఎత్తి నిలుచును గనుక ప్రొపెల్లరు రాళ్లకు దూరముగా నుండును. అయితే దిగునప్పుడు అది ప్రక్కకు తిరుగ జూచును. నడుపువానికి అలవాటు ఎక్కువ కావలెను. నాలుగవది, అది నెమ్మదిగా దిగును. కొద్ది జాగాలో నిలుచును.

దీనికి వెల లేకపోలేదు. విమానము, పెట్రోలు, మనుష్యులు, సరకు అన్నియు కలిసి సుమారు 840 కిలోలు మించరాదు. ఖాళీ విమానమే 460 కిలోలు. మిగిలిన దానిలో నడుపువాడును పెట్రోలును పోగా సరకుకు మిగులునది స్వల్పము. అందుచేత ప్రతి మూటను కాటా మీద పెట్టి తూచవలసినదే. మనిషిని కూడ తూచవలసినదే. నల్లరేగడి చేనిలో తొలకరి పడిన పిమ్మట, ఈ బండి ఎంత మోయునని రైతు అడుగడు. దిగబడక బయటికి వచ్చునా అని అడుగును. అడవి విమానమును ఏరుకొనుటయు అట్టిదే. ఎక్కువ బరువును బట్టి గాక, మిక్కిలి చిన్న దిగుచోటును బట్టి దానిని ఏరుకొనవలెను.

అందరికి ఒకే విమానము తగదు. పొరుగుననున్న పెరూ దేశములో నదులు వెడల్పుగాను నెమ్మదిగాను పారును. కాబట్టి అక్కడి బైబిలు అనువాదకులకు నీటిమీద దిగు విమానములు మేలాయెను. నేట్ ఎగిరిన కొండపాదపు ఏరులు ఇరుకు, వడి, రాళ్లమయము; అక్కడ చక్రములే గతి. ఆ అనువాదకుల వైమానిక శాఖ 1950లలో హీలియో కూరియర్ అను విమానమును తీసికొనెను. అది మిక్కిలి నెమ్మదిగా ఎగిరి మిక్కిలి కురచ జాగాలో దిగగలదు. కాని వెల చాలా ఎక్కువ. వారికి అది తగెను. పైపర్లును సెస్నాలును వాడిన వారికి అవి తగెను. ఇరువురును తప్పు చేయలేదు.

ఉన్నదానిని మెరుగుచేయుట

ఇంజను ఒక్కటే గల విమానములో పెట్రోలు గొట్టము మూసికొనిపోయినచో ఆ అడవిలో దిగుటకు చోటులేదు. రెండు ఇంజనుల విమానమునకు ధనమును లేదు, దిగుచోట్లును చాలవు. నేట్ వంటనూనె డబ్బాలను పెట్రోలు తొట్టిగా చేసి, రెక్క క్రింది కడ్డీకి బిగించి, అక్కడినుండి నేరుగా ఇంజనుకు వేరొక సన్నని గొట్టము నడిపెను. ఎగురుచుండగా అసలు పెట్రోలును కట్టివేసి, ఈ రెండవ దారితో ఇంజను నడుచునని తానే పరీక్షించి చూచెను.

దిగుచోటే లేని తావులకు మరియొక ఉపాయము కనిపెట్టెను. పొడవైన త్రాడు చివర బకెట్టు కట్టి, విమానమును ఒకే చోట చుట్టు చుట్టు త్రిప్పును. త్రాడు గాలికి వెనుకబడి లోపలికి వంగును. చివరనున్న బకెట్టు ఆ వలయపు నడుమ ఇంచుమించు కదలక నిలుచును. క్రిందనున్నవారు దానిలోని మందు తీసికొని, తమ ఉత్తరము ఉంచవచ్చును. క్రొత్త విమానము కొనకయే ఆయన తన చిన్న విమానమునకు క్రొత్త పని నేర్పెను.

కురారాయ్ ఇసుకతిన్నె

ఆ అడవిలో వావొరానీ అను జనులుండిరి. పొరుగువారు వారిని అవమానకరమైన వేరు పేరుతో పిలిచిరి. రబ్బరు వర్తకుల దినములనుండి బయటివారి చేత వారు చాల బాధపడిరి. బయటివారిని ఈటెలతో చంపుచును ఉండిరి. వారితో స్నేహము చేయవలెనని నేట్, జిమ్ ఇలియట్, ఎడ్ మెకల్లీ, పీట్ ఫ్లెమింగ్, రోజర్ యూడేరియన్ అను అయిదుగురు నిర్ణయించుకొనిరి. 1955 అక్టోబరు 6 మొదలుకొని వారమువారము ఆ త్రాటితోనే కానుకలు దించిరి. కొంతకాలమునకు వావొరానీలు కూడ బకెట్టులో కానుకలు పెట్టి పంపిరి. వాటిలో ఒక చిలుక యుండెను.

కురారాయ్ నది ఒడ్డున సుమారు 200 గజముల ఇసుకతిన్నె వారికి కనబడెను. 1956 జనవరి 3న నేట్ దానిమీద దిగెను. ఇసుక చక్రములను పట్టి లాగుచుండెను. మనుష్యులను, సామగ్రిని కొద్దికొద్దిగా, పలుమార్లు తిరిగి చేర్చెను. బరువైన విమానమేదియు అక్కడ దిగి మరల లేవజాలదు. జనవరి 6న ముగ్గురు వావొరానీలు వచ్చిరి. వారిలో ఒకడు సంతోషముతో విమానమెక్కి తన ఊరి మీద తిరిగివచ్చెను.

జనవరి 8, ఆదివారము. సాయంకాలము నాలుగున్నరకు మరల మాటలాడెదనని నేట్ రేడియోలో చెప్పియుండెను. మార్జ్ ఆ గంటకు వినుచు కూర్చుండెను. మాట రాలేదు. మరునాడు వేరొక విమానము పోయి చూడగా, పసుపుపచ్చని గుడ్డ అంతయు ఒలిచివేయబడిన చట్రము ఇసుకమీద నుండెను. అయిదుగురును ఈటెలచేత హతులైరి. వారియొద్ద తుపాకులుండెను, అయితే వాటితో ఆ జనులను చంపకూడదని ముందే నిశ్చయించుకొనియుండిరి. నేట్ ముగ్గురు బిడ్డలు తండ్రిలేనివారైరి.

మనకు బుద్ధి

తగిన విమానము ఆయనను ఆ తిన్నె మీదికి చేర్చెను. ఈటె నుండి తప్పింపలేదు. దీనిని మేము దాచము. సాధనము మంచిదైనంత మాత్రమున పోవుట సులభమగును గాని, పోవలెనా అను ప్రశ్నకు అది జవాబు కాదు. ఆ ప్రశ్నను ఆ అయిదుగురు వేరుగా, దేవుని యెదుట, తమ భార్యలతో కూడ కలిసి తేల్చుకొనిరి. చాలమంది రెండవ ప్రశ్న తేలకముందే మొదటిదానికి ధనము పోయుదురు.

1958లో నేట్ అక్క రాచెల్ గారును, జిమ్ ఇలియట్ భార్య ఎలిజబెత్ గారును తుపాకి లేకయే, కాలినడకన వావొరానీల యొద్దకు పోయి వారి మధ్య కాపురముండిరి. ఆ పనికి విమానము కంటె కాళ్లే తగినవి. 1965లో నేట్ బిడ్డలిద్దరు ఆ నదిలోనే, ఆ హత్యలో పాలుగల వావొరానీ విశ్వాసుల చేతులమీదుగా బాప్తిస్మము పొందిరి. 1994లో ఇసుకలోనుండి బయటపడిన ఆ విమానపు చట్రము నేడు అమెరికాలోని నాంపా పట్టణమున ఆ సహవాసపు కార్యాలయములో నిలిపియున్నది. ఆ సహవాసమువారు నేడు పదిమంది కూర్చుండగల కోడియాక్ అను విమానములను కూడ వాడుచున్నారు. అడవి దేశములలో విమానపు పెట్రోలు దొరకుట కష్టమైనందున, జెట్ ఇంధనముతో నడుచు ఆ ఇంజను వారికి తగెను. విమానము మారెను, అడుగవలసిన ప్రశ్నలు మారలేదు.

ప్రియులారా, మన సంఘములు కూడ వాహనము కొనును, మైకు కొనును, గుడి కట్టును. పొరుగు సంఘమువారికున్నది చూచి కొనకుడి. అది సౌలు కవచము కావచ్చును. మొదట, వానకాలమున మన మిక్కిలి దూరపు పల్లెకు పోవు బాటను కొలువుడి. చెడినప్పుడు మన ఊరిలో బాగుచేయువాడున్నాడా అని విచారించుడి. ఉన్నదానితో ఇంకేమి చేయవచ్చునో చూడుడి. అన్నిటికి ముందు, పొమ్మన్నది ప్రభువేనా అని మోకాళ్లమీద అడుగుడి. లెక్క చూచుకొను వివేకమును, లెక్క చూచిన పిమ్మట వెనుదీయని ధైర్యమును ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.